సున్నందొడ్డి సంఘంలో కొట్లాట జరగలేదు

సున్నందొడ్డి మెనోనైటు సంఘానికి నూరేళ్లు నిండబోతున్న ఏడు, ఒక ఆదివారం ప్రసంగం అయిపోయాక పాస్టర్ సైలాసు గారు జేబులోంచి మడత కాగితం తీసి చదివారు. సంఘాల సమాఖ్య ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తర్వు అది.

"శతవార్షికోత్సవ చరిత్ర రచనా ఉపసంఘం వారి మార్గదర్శకాలు. ఒకటి, ప్రతి స్థానిక సంఘం యొక్క చరిత్ర గ్రంథరూపమున వెలువడవలెను. రెండు, మనది శాంతి సంఘమైనందున సదరు చరిత్రలో కలహము, వివాదము, వాగ్వాదము, అలక ఎట్టి పరిస్థితిలోను ఉండరాదు. మూడు, అట్టివి జరిగియున్న యెడల జరగనట్టుగా పరిగణించవలెను."

చదివి మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నారు. దీనికి ఆమెన్ అనాలో వద్దో తెలియక కొందరు అన్నారు, కొందరు ఊరుకున్నారు.

మెనోనైట్లు కొట్లాడరు. అది వాళ్ల విశ్వాసంలో ఉన్న మాట. తుపాకి పట్టరు, కోర్టు మెట్లెక్కరు, ఒట్టు పెట్టరు. సున్నందొడ్డి వాళ్లు కూడా ఏనాడూ తుపాకి పట్టలేదు. వాళ్ల దగ్గర తుపాకులు లేవు. పని ఏదైనా నోటితోనే కానిచ్చేవారు.

ఓబద్యా వెనక బల్ల మీద కూర్చుని విన్నాడు. తక్కువ మాటల మనిషి. ఆయన వాటా మాటలు కూడా భార్య రాహేలమ్మే మాట్లాడేది. ఉత్తర్వులో ఆయన చెవికెక్కింది మొదటి సంగతి ఒక్కటే. సంఘం చరిత్ర పుస్తకం అవుతుంది. పుస్తకం అయితే అందులో తన తల్లి దొర్కమ్మ పేరు ఉంటుంది.

ఆ పేరు ఇంకెక్కడా లేదు. దొర్కమ్మ సమాధి రాయి మీద ఉండేది. సమాధుల దొడ్డి మీదుగా పెద్ద రోడ్డు పడ్డప్పుడు ఆ రాయి రోడ్డు కిందికి పోయింది. ఫొటో ఆమె ఎన్నడూ దిగలేదు. ఇక మిగిలింది ఊరి నోట్లో. ఆ నోళ్లు కూడా ఒక్కటొక్కటిగా మూతపడుతున్నాయి.

"అత్త పేరు వస్తది గదా పుస్తకంల?" అంది రాహేలమ్మ, ఇంటికి నడుస్తూ.

"రావాలె," అన్నాడు ఓబద్యా.

*

ఉపసంఘం జీపులో వచ్చింది. అధ్యక్షుడు డాక్టర్ ఎబినేజరు గారు కాలేజీ ప్రిన్సిపాలుగా చేసి దిగిపోయినవాడు. కార్యదర్శి ఫిలేమోను గారు ఏదో ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి దిగిపోయినవాడు. దిగిపోయిన సంగతి ఇద్దరికీ ఇంకా అందినట్టు లేదు. గుడి ముందు రేకుల షెడ్డులో కుర్చీలు వేస్తే, అధ్యక్షులవారు ముందు ఫ్యాను ఎటు తిరుగుతుందో చూసుకుని ఆ తర్వాత కూర్చున్నారు.

"సంఘ ఆవిర్భావం నుండి ఉపక్రమిద్దాం. పెద్దలు ఎవరైనా సెలవియ్యండి."

ఊళ్లో పెద్ద అంటే తీతు. రాహేలమ్మకు అన్న, ఓబద్యాకు బావ. గొంతు సవరించుకుని లేచాడు.

"మిషను దొర రావాల్సింది మా ఊరికి గాదు సార్. అవతలి ఊరికి. రెండు బండ్లు కట్టించుకున్నడు. ముందు బండ్ల సామాను, వెనక బండ్ల దొర. పొలిమేర కాడ బండ్లోళ్లకు పడ్డది. నువ్వు దుమ్ము లేపుతున్నవని ఇతడు, నా ఎడ్లు నా ఇష్టమని అతడు. ఇద్దరూ ఎడ్లను ఇప్పేసిన్రు. దొర ఎండల బండరాయి మీద కూసున్నడు. దొర ఊకె కూసుంటడా? వాక్యం చెప్పిండు. గట్ల పుట్టింది సార్ మా సంఘం."

"బాగుంది. ఇందులో బండివాళ్ల ప్రస్తావన లేకుండా చెప్పండి."

"వాళ్లు కొట్లాడకుంటే దొర దిగడు గద సార్."

"దిగాలి. శాంతియుతంగా దిగాలి."

ఫిలేమోను గారు పైకి చదువుకుంటూ రాసుకున్నారు. "బండ్లు రెండూ స్వయంప్రేరణతో నిలిచిపోయినవి."

తరువాత గుడి సంగతి వచ్చింది. గుడికి పక్కపక్కనే రెండు తలుపులు. ఊళ్లో రెండు గేరులు, అంటే రెండు వాడలు. పైగేరి వాళ్లు తమ వైపు తలుపు ఉండాలన్నారు, కిందిగేరి వాళ్లు తమ వైపు ఉండాలన్నారు. గోడలు లేచి, కప్పు పడి, తలుపు దగ్గర పని ఒక వానాకాలమంతా ఆగింది. చివరికి రెండూ పెట్టారు. ఫిలేమోను గారు "వాయు ప్రసరణ నిమిత్తము" అని రాసుకున్నారు.

తరువాత గంట. గంటకు లోపలి నాలుక లేదు. ఒక క్రిస్మస్‌కు ఎవరు కొట్టాలన్న దగ్గర మాటా మాటా పెరిగితే ఎవరో దాన్ని ఊడదీసుకుపోయారు. అప్పటి నుంచి గంటను రాయితో కొడుతున్నారు.

"అది మా ఇంట్ల లేదు," అన్నాడు తీతు. ఆయన్ని ఎవరూ అడగలేదు.

"స్థానిక శిలా సంపద వినియోగము," అని ఫిలేమోను గారు రాసుకున్నారు.

అప్పుడు ఓబద్యా లేచాడు. ఆయన లేవడం ఊళ్లో వాళ్లు చూసి చాలా కాలమైంది కాబట్టి షెడ్డంతా సద్దుమణిగింది.

"మా అవ్వ తొట్ల కాళ్లు పెట్టింది. వాళ్లవ్వ కడిగింది. అప్పటి సంది ఒక్కటైనం," అని తీతు వైపు చెయ్యి చూపి కూర్చున్నాడు.

ఊరికి ఆ మాత్రం చాలు. బయటివాళ్లకు చాలదు. ప్రభు భోజనానికి ముందు ఒకరి కాళ్లు ఒకరు కడగడం ఆ సంఘంలో పాత ఆచారం. మగవాళ్లు మగవాళ్లవి, ఆడవాళ్లు ఆడవాళ్లవి. మనిషికి తగ్గింపు నేర్పడానికి పెట్టిన ఆచారం. సున్నందొడ్డిలో పైగేరి వాళ్లు పైగేరి కాళ్లే కడిగేవారు, కిందిగేరి వాళ్లు కిందిగేరి కాళ్లే కడిగేవారు. తగ్గేది కూడా ఎవరి గేరిలో వాళ్లే తగ్గేవారు. ఒక ఆదివారం కిందిగేరి దొర్కమ్మ, నిండు చూలాలు, లేచి అవతలి వరసకు పోయింది. పైగేరి సలోమమ్మ ముందున్న తొట్టిలో రెండు కాళ్లూ పెట్టి పీట మీద కూర్చుని, కడుగు అంది. సలోమమ్మ కడగనంది. దొర్కమ్మ కాళ్లు తియ్యనంది. కాళ్లు కడగడం కాకుంటే భోజనం లేదు, భోజనం కాకుంటే ఆశీర్వాదం లేదు, ఆశీర్వాదం కాకుండా ఎవరూ ఇంటికి పోకూడదు. దొర గడియారం చూసుకున్నాడు. ఇళ్లలో పొయ్యిలు ఆరిపోయాయి. కట్టుగొయ్యల దగ్గర పశువులు అరిచాయి, గుళ్లో రెండు గేరులూ అరుచుకున్నాయి. పొద్దు వాలాక సలోమమ్మ కొంగు నడుముకు చెక్కి వంగింది. కడిగింది. కడిగి, తుడిచి, తన కాళ్లు కూడా అదే తొట్టిలో పెట్టి "ఇగ నువ్వు కడుగు" అంది.

ఆ తరువాత వరసలు కలిశాయి. కొన్నేళ్లకు పెళ్లిళ్లూ కలిశాయి. సలోమమ్మ కూతురే రాహేలమ్మ, దొర్కమ్మ కొడుకే ఓబద్యా.

"వాళ్లవ్వ కాళ్లు పెట్టిందని మా అవ్వ ఏం కడగలేదు సార్," అన్నాడు తీతు. "దయ తలిచి కడిగింది."

"దయ గాదు. గతి లేక."

"నువ్వు చూసినవా? నువ్వప్పటికి పుట్టనే లేదు. నేను మా అవ్వ సంకల ఉంటి."

"సంకల ఉన్నోనికి ఏం ఎరుక."

"కడుపుల ఉన్నోని కంటె నయం గద బావా."

అధ్యక్షులవారు చెయ్యెత్తారు. "చూశారా, ఇదే. ఇప్పటికీ సమసిపోని వివాదం. కార్యదర్శిగారూ, ఈ ఘట్టాన్ని పూర్తిగా తొలగించండి."

ఓబద్యా మళ్లీ లేచాడు. ఒకే రోజు రెండుసార్లు. "పేరు?"

ఫిలేమోను గారు కళ్లజోడు తీసి ఓపికగా చెప్పారు. "సదరు సంఘటన జరగనట్టుగా పరిగణించినప్పుడు, అందులో పాల్గొన్న వ్యక్తులు కూడా హాజరు కానట్టే."

"ఆమె ఉండె సార్."

"ఉండవచ్చును. హాజరు కాలేదు."

*

ఉపసంఘం పోయిన వారానికి ఇంకో ఉత్తర్వు వచ్చింది. గుడికి గల రెండవ తలుపు గత కలహమునకు భౌతికమైన ఆనవాలు కాబట్టి దానిని ఇటుకతో మూసివేయవలెను.

"గాలి కోసమని రాసుకున్నరు గద," అన్నాడు తీతు.

"రాసుకున్నారు," అన్నారు పాస్టరు గారు. "చూసెటోళ్లు చదవరట."

తలుపు మూశారు. ఇప్పుడు చెప్పులన్నీ ఒకే గుమ్మం ముందు పడ్డాయి. మొదటి ఆదివారమే పైగేరి చెప్పులు కిందిగేరికీ, కిందిగేరి చెప్పులు పైగేరికీ పోయాయి. ఎప్పుడో తల్లులు కలిపిన గేరులు చెప్పుల దగ్గర మళ్లీ విడిపోయాయి. పాస్టరు గారు నిజాయితీ గల మనిషి. జరిగింది జరిగినట్టు సమాఖ్యకు తెలియపరిచారు. వెంటనే జవాబు వచ్చింది. కలహము జరిగిన ఆదివారము జరగనట్టుగా పరిగణించడమైనది. ఆ పై ఆదివారం కూడా జరగలేదు. దాని పైదీ జరగలేదు. నెల తిరిగేసరికి సంఘంలో ఆదివారాలు కొరత పడ్డాయి.

అంతటితో ఆగితే బాగుండేది. పాత సంగతులు తవ్వుతుంటే హగ్గయి అయ్యగారి సంగతి బయటపడింది. నలభై ఏళ్ల కింద ఇంకో పాస్టరు వద్దు, ఈయనే కావాలని సగం సంఘం అలిగి కూర్చుంటే ఆయన వచ్చాడు. వచ్చి చాలా ఏళ్లు చేశాడు. అలక ద్వారా సంక్రమించిన నియామకము గనుక హగ్గయి అయ్యగారు రానట్టుగా పరిగణించారు.

ఆ ఉత్తర్వు కూడా పాస్టరు గారు గుళ్లో చదివారు. తీతు లేచాడు.

"నా పెళ్లి చేసింది హగ్గయి అయ్యగారే గదా. ఆయన రానే లేదంటే, గీ సంతోషమ్మను నేను ఇన్నేండ్ల సంది ఊకెనే భరిస్తున్ననా?"

"ఎవరు ఎవరిని భరించిన్రో మీటింగు పెట్టి అడుగుదమా?" అంది ఆయన భార్య సంతోషమ్మ, ఆడవాళ్ల వరసలోంచి. "పో మల్ల. అన్నం ఎవరు పెడుతరో చూస్త."

"ఊకె అడిగిన."

"నేను గూడ ఊకె చెప్తున్న."

పాస్టరు గారు సమాఖ్యను అడిగారు. జవాబు వచ్చింది. సదరు వివాహములు చెల్లును. నిర్వహించినది ఎవరని అడగరాదు.

*

ఈ గొడవలన్నిటి నడుమ ఓబద్యాకు ఒక్కటే ధ్యాస. తిండి తగ్గించాడు. చివరికి ఒక పొద్దున తెల్ల చొక్కా వేసుకుని బస్సు స్టాపు దగ్గర నిలబడితే అక్కడ తీతు కూడా తెల్ల చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు.

"యాడికి?" అన్నాడు ఓబద్యా.

"నువ్వు యాడికో ఆడికే. మీ అవ్వ హాజరు కాకుంటే మా అవ్వ ఎవల కాళ్లు కడిగినట్టు? ఆమె పేరు గూడ కొట్టేసిన్రు."

బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు. దారి పొడుగునా దయ తలిచిందా, గతి లేకనా అన్నది తేలలేదు.

సమాఖ్య ఆఫీసులో ఇద్దరినీ చూసి ఎబినేజరు గారి ముఖం వికసించింది. "ఆనాటి ఉభయ పక్షాల వారసులు ఒకే బల్ల మీద! మా మార్గదర్శకాలు ఫలిస్తున్నాయి. ఆనాడు షెడ్డులో మీరు అడిగిన పేరు సంగతి సానుభూతితో పరిశీలించాం. ఇద్దరు మాతృమూర్తుల పేర్లూ వస్తాయి. కార్యదర్శిగారూ, ఆ ముసాయిదా చదవండి."

ఫిలేమోను గారు చదివారు. "ఆ వేసవి ఎండలు తీవ్రముగా ఉన్నందున శ్రీమతి దొర్కమ్మ గారు చల్లదనము కొరకు తమ పాదములను నీటి తొట్టియందు కొంతసేపు ఉంచిరి. శ్రీమతి సలోమమ్మ గారు ఆ నీటిని సమకూర్చిరి."

తీతు ఓబద్యా వైపు చూశాడు. ఓబద్యా గోడ వైపు చూశాడు. పేరు ఉంది. శ్రీమతి అని కూడా ఉంది. పుస్తకంలో అచ్చయితే ఏ రోడ్డూ దాని మీదుగా పోలేదు. ఇన్ని నెలలుగా ఆయనకు కావలసింది అదే.

"బాగానే ఉంది గద," అన్నాడు తీతు మెల్లగా. "పేరైతే ఉంటది."

అధ్యక్షులవారు పెన్ను మూత పెట్టబోయారు.

"మనం ఒట్టు పెట్టం గద సార్," అన్నాడు ఓబద్యా.

"అవును. అది మన సంఘ విశిష్టత."

"ఎందుకు పెట్టం?"

"ఎందుకంటే, మన మామూలు మాటే నిజంగా ఉండాలి కాబట్టి."

"మా అవ్వకు కాళ్లు మండలేదు సార్. కొట్టెయ్యుండ్రి."

ఎబినేజరు గారు నచ్చచెప్పి చూశారు. సామరస్యం అన్నారు, సమన్వయం అన్నారు, విశాల దృక్పథం అన్నారు. ఓబద్యా తన వాటా మాటలు అయిపోయినట్టు కూర్చున్నాడు. తీతు గొంతు సవరించుకుని, "మా అవ్వ గూడ నీళ్లు సమకూర్చలేదు సార్. నీళ్లు దొర బావియి. మాది గూడ కొట్టెయ్యుండ్రి," అన్నాడు.

ఫిలేమోను గారికి ఇబ్బంది వచ్చింది. పేజీలు కట్టేశారు, చిత్తులు ప్రెస్సుకు పోయాయి. వాక్యాలు తీస్తే ఆ చోటు ఏం చెయ్యాలో మార్గదర్శకాల్లో లేదు. ఆయన చాలా ఆలోచించి "యథాతథంగా ఖాళీ" అని రాసుకున్నారు.

బస్సు దిగి ఇంటికి వస్తే రాహేలమ్మ గుమ్మంలో ఉంది. "వచ్చిందా పేరు?"

"వచ్చింది. కొట్టేపిచ్చిన."

రాహేలమ్మ సంగతంతా రాబట్టుకుంది. ఒక్కొక్క మాటకూ ఒక్కొక్క ప్రశ్న వేయాల్సి వచ్చింది. విని, కంచంలో అన్నం మామూలు కంటే ఎక్కువే పెట్టింది. ఆ పూట ఆయన మొత్తం తిన్నాడు. కానీ రాత్రి మంచం మీద ఆమెతో, "పోయింది పో," అన్నాడు. ఏది పోయిందో ఆమె అడగలేదు.

*

శతవార్షికోత్సవానికి షామియానా వేశారు. మూసిన తలుపు కనబడకుండా దాని మీద పూలదండలు వేలాడదీశారు. పుస్తకం ఆవిష్కరించారు. మంచి అట్ట, నున్నటి కాగితం. మొదటి సగం సందేశాలు, ఫొటోలు. ఎబినేజరు గారు పూలగుత్తి అందుకుంటూ, ఎబినేజరు గారు పూలగుత్తి అందజేస్తూ. ఆ తరువాత చరిత్ర. కొట్లాటలు పోగా సున్నందొడ్డి నూరేళ్లు పేజీన్నరకు వచ్చాయి. బండ్లు స్వయంప్రేరణతో నిలిచాయి. వాయు ప్రసరణ బాగా జరిగింది. అటు తరువాత సంఘము కొనసాగెను. ఇంకొంత కాలము కొనసాగెను. రెండో పేజీ కింది సగం తెల్లగా ఉంది.

పుస్తకాలు పంచారు. జనం తిరగేశారు. తమ ఇంటి పేరు కోసం ప్రతివాళ్లూ వెతుక్కున్నారు. కొట్లాడని ఇల్లు సున్నందొడ్డిలో లేదు కాబట్టి ఏ ఇంటి పేరూ దొరకలేదు.

"గిదేంది, ఈడ తెల్లగ ఉన్నది?" అని ఆడవాళ్ల వైపు నుంచి సంతోషమ్మ గట్టిగా అడిగింది.

షామియానాలో అందరూ ఓబద్యా వైపు తిరిగారు. ఆయన లేవక తప్పలేదు.

"ఆడ మా అవ్వ ఉండాలె," అన్నాడు. "తొట్ల కాళ్లు పెట్టింది."

"మా అవ్వ గూడ ఉండాలె," అన్నాడు తీతు. "దయ తలిచింది."

"పొద్దుగూకినంక కడిగింది," అని ఒక ముసలావిడ అందుకుంది.

"పొద్దుగూకలేదు. పశువులు అప్పుడే ఇంటికొచ్చినయట."

"దొర ఏడ్చిండంట గద."

"ఏడ్వలేదు. చెమట తుడుచుకున్నడు."

ఇక ఎవరికీ ఎవరూ ఆగలేదు. తొట్టి రాతిదా రేకుదా అన్న దగ్గర నాలుగు బల్లలు ఒకవైపు, మూడు బల్లలు ఒకవైపు అయ్యాయి. కోడళ్లు అత్తల మాట చెప్పారు, అత్తలు కోడళ్లకు తెలియదన్నారు. వంటవాళ్లు గరిటెలు పట్టుకుని వచ్చి నిలబడ్డారు. ఎబినేజరు గారు మైకు అందుకుని, ఈ వాగ్వాదం జరగనట్టుగా పరిగణిస్తున్నామని ప్రకటించారు. వాగ్వాదం ఆవిష్కరణ సభలో జరిగింది కాబట్టి ఆ సభ కూడా జరగనట్టే అవుతుందనీ, సభ జరగకుంటే పుస్తకం వెలువడనట్టే అనీ, మార్గదర్శకాలు ఒప్పుకోవనీ ఫిలేమోను గారు ఆయన చెవిలో చెప్పారు. అధ్యక్షులవారు ఒప్పుకోలేదు. కార్యదర్శిగారూ ఒప్పుకోలేదు. మైకు ఆన్‌లోనే ఉంది. ఇద్దరూ ఎంత ఒప్పుకోలేదో షామియానా మొత్తం విన్నది.

ఓబద్యా బల్ల మీద కూర్చుని పుస్తకం ఒళ్లో తెరిచి పెట్టుకున్నాడు. పాస్టరు గారి దగ్గర పెన్ను అడిగి తీసుకున్నాడు. తెల్ల చోటు నడిమధ్యన, ఒక్కో అక్షరమూ దిద్దుతూ, దొర్కమ్మ అని రాశాడు. అచ్చు అక్షరాల కంటే పెద్దగా వచ్చింది. కాస్త వంకర తిరిగింది. చదవడానికి వస్తుంది.

తీతు పక్కన కూర్చుని చెయ్యి చాపాడు. "ఇటియ్యి." పెన్ను తీసుకుని అదే పుస్తకంలో, ఆ పేరుకు పైన, సలోమమ్మ అని మొదలుపెట్టాడు.

"పైన ఎందుకు? కింద రాయి. కింద మస్తు జాగ ఉన్నది."

"కడిగినోళ్ల పేరు పైనుండాలె."

"కడిగేటోళ్లు వంగాలె గద బావా. కాళ్ల కాడికి వంగినోళ్లు కిందనే ఉంటరు."

"ఆ తర్వాత మీ అవ్వ వంగలేదా?"

ఓబద్యా ఆలోచించాడు. అది నిజమే. ఆయన పుస్తకం అడ్డంగా తిప్పాడు. ఇప్పుడు పైనా కిందా లేదు, ఒకరి పక్కన ఒకరు. తీతు అటూ ఇటూ చూసి, తృప్తిపడకుండానే, మిగిలిన అక్షరాలు రాశాడు.

ముందు వరస వాళ్లు ఇది చూసి పెన్ను కోసం చెయ్యి చాపారు.